మన సంఘం వార్షిక నివేదిక, పర్లాకిమిడి

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలన్న నిబంధన ఉంది కాబట్టి చదువుతున్నాను. ఉగాది పంచాంగ శ్రవణం, ఆగస్టు 29న గిడుగువారి జయంతి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. తరగతులకు పిల్లలు తగ్గారు, ఆ సంగతి విడిగా మాట్లాడుకుందాం. ఈసారి చెప్పుకోవాల్సింది కనుమనాడు మొదలుపెట్టి రెండు రోజులు ఆడించిన కబడ్డీ.

2018లో, 2023లో హాకీ ప్రపంచకప్ మన ఒడిశాలోనే జరిగింది. భువనేశ్వర్ వెళ్లి చూసొచ్చిన మనవాళ్లు పక్క సీటాయనది ఏ ఊరో కూడా అడక్కుండా తిరిగొచ్చారు. మన ఆట చిన్నదే కానీ, ఇక్కడ అలా తప్పించుకోవడం ఎవరివల్లా కాలేదు.

తెలుగు జట్టు, ఒడియా జట్టు అని పెడితే ఆట అయ్యాక కూడా కొట్లాట మిగులుతుంది. అందుకని చీటీలు తీశాం. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం కుర్రాడు, ఇక్కడి ఒడియా కుర్రాడు, కొండమీది సవర కుర్రాడు ఒకే ఏడుగురిలో పడ్డారు. ‘మన చందాలతో ఊరందరికీ ఆటలా?’ అని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. ఫైనల్ రోజు ముందు వరసలో కూర్చున్నదీ వాళ్లే.

దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక బడిలో గదులు ఇస్తామన్నారు. ముందురోజు సాయంత్రం వెళ్తే తాళం. ఫోన్ ఎత్తరు. నాకు ఒకటే టెన్షన్. అప్పుడు మన మహిళా సభ్యులే ఇంటికి ఇద్దరు చొప్పున పిల్లల్ని పంచుకుని తీసుకెళ్లారు. ఆ తాళం పడకపోతే ఈ నివేదికలో రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. మా ఇంటికొచ్చిన ఒడియా అబ్బాయి అరిసె కొరికి, ‘ఇది మా అరిసా పిఠానే కదా’ అన్నాడు. రెండోవాడు సవర, సిగ్గరి. రాత్రి నీళ్లు అడగలేక వంటింటి గుమ్మంలో ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఏటా ఆయన ఫొటోకు దండ వేసే నాకు ఆ భాషలో నీళ్లను ఏమంటారో తెలియదు. ఆ రాత్రి వాడే నేర్పాడు.

రెండో రోజు మంచుకు సున్నం గీతలు చెరిగిపోతే ఆడవాళ్లు ముగ్గుపిండితో మళ్లీ గీశారు. ఒకచోట గీత వంకర పోయింది. బోనస్ పాయింటు వచ్చిందా లేదా అని పావుగంట రెండు భాషల్లో గొడవ. ఫైనల్‌కొచ్చేసరికి తెలుగు పిల్లలు ఒడియాలో ‘ధర, ధర’ అని, ఒడియా పిల్లలు తెలుగులో ‘పట్టు, పట్టు’ అని అరుస్తున్నారు.

ప్రారంభిస్తానన్న అధికారి కోసం పిల్లలు రెండు గంటలు ఎండలో నిలబడ్డారు. ఆయన రాలేదు, కబురూ పంపలేదు. ఒక సభ్యుడి తల్లిగారితో కొబ్బరికాయ కొట్టించాం. వలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. ఫొటోల్లో మాత్రం అందరూ ఉన్నారు.

షామియానా ఉచితంగా వేసినవారికి, మజ్జిగ పోసిన వీధివారికి, దెబ్బలకు కట్లు కట్టిన కాంపౌండరుగారికి, అలసట లేకుండా ఈల ఊదిన రిఫరీలకు, పిల్లల్ని ఇళ్లలో ఉంచుకున్న తల్లులందరికీ కృతజ్ఞతలు.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. కోశాధికారిగారు సంతకం చేశారు. వసూలు కంటే ఖర్చు కొంచెం ఎక్కువైంది, సర్దేశాం.

మొన్న సంతకు దిగినప్పుడు ఆ సవర అబ్బాయి నాన్న మా ఇంటికి చింతపండు మూట తెచ్చి, టీ తాగి వెళ్లాడు. ఇంకో రెండు మూడు ఇళ్లకూ ఇలాంటి రాకపోకలు సాగుతున్నాయని విన్నాను.

సంఘానికి చెందిన రెండు స్టీలు బిందెలు, ఒక చాప ఇంకా ఎవరింట్లోనో ఉన్నాయి. దయచేసి ఆదివారంలోగా పంపండి.

ఇట్లు,
కార్యదర్శి