లిక్విడ్ ఈస్ట్ తెప్పించుకునేవాళ్ళకి

అందరికీ నమస్కారం. ఇంట్లో బీరు కాయడానికి ఈ ఎండల్లో లిక్విడ్ ఈస్ట్ తెప్పిస్తున్నవాళ్ళు దయచేసి స్టార్టర్ (ఈస్ట్‌ని ముందుగా కొద్దిపాటి మాల్ట్ నీళ్ళలో పెంచుకోవడం) మానెయ్యొద్దు. ఏప్రిల్‌లో బెంగళూరు వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్ దాటి బైక్ మీద వచ్చిన ప్యాకెట్ పూర్తి బలంతో ఉందని నమ్మలేం. రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. చల్లగా దాచినా నెలనెలా కొన్ని కణాలు చచ్చిపోతూనే ఉంటాయి కాబట్టి తయారీ తేదీ కూడా చూసుకోండి.

తాజా ప్యాకెట్‌లో సుమారు 10,000 కోట్ల కణాలుంటాయి. 1.050 గ్రావిటీ (పులియకముందు ద్రవంలో చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత) ఉన్న 20 లీటర్ల ఏల్ రకం బీరుకి దాదాపు 18,000 కోట్లు కావాలి. ఆ తేడా పూడ్చేది స్టార్టరే.

స్టార్టర్‌కి లీటరున్నర నీళ్ళకి 150 గ్రాముల ఎండు మాల్ట్ పొడి (మొలకెత్తిన బార్లీ రసాన్ని ఎండబెట్టిన పొడి). హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) అక్కర్లేదు. 10, 15 నిమిషాలు మరగనివ్వండి, పక్కనే ఉండండి, ఒక్కసారిగా పొంగుతుంది. 22 డిగ్రీల దాకా చల్లార్చాకే ఈస్ట్ కలపండి. మరిగిన తర్వాత తగిలేవన్నీ శానిటైజ్ చేసినవే అయ్యుండాలి, ఇందులో రాజీ లేదు. మూత బిగించకండి, ఫాయిల్ వదులుగా కప్పితే చాలు. కణాలు పెరగడానికి ఆక్సిజన్ కావాలి. స్టిరర్ (ఫ్లాస్క్‌లో ద్రవాన్ని తిప్పుతూ ఉండే పరికరం) లేకపోతే గుర్తొచ్చినప్పుడల్లా ఫ్లాస్క్ ఊపుతూ ఉండండి.

పైన నురగ కనిపించలేదని కంగారు పడకండి. మర్నాటికి అడుగున మీగడ రంగు పొర చేరితే పని జరిగినట్టే. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, పైనీళ్ళు వంచేసి, ఆ ముద్ద వాడండి. పుల్లటి వాసనొస్తే మొత్తం పారబోయండి, బ్యాచ్ పాడుచేసుకోవద్దు.

డ్రై ఈస్ట్‌కి ఇదేమీ అవసరం లేదు. స్టిరర్ కావాల్సినవాళ్ళు అడగండి, నాది ఇస్తాను.