గోల్కొండ మెట్లతో పాటు కేదారానికి ఇంకో రెండు రాత్రులు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కేదార్‌నాథ్ ఆలయం తలుపులు తెరిచే రోజులు దగ్గరపడితే మన నగరంలోని పార్కుల్లో వీపున సంచి తగిలించుకొని నడిచేవారు ఎక్కువగా కనిపిస్తారు. ఆ సాధన ఎంత అవసరమో, ఎక్కడ చాలకుండా పోతుందో అనుభవం మీద తెలిసింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు నేనూ మా బావమరిదీ మూడు నెలలు శ్రద్ధగా సిద్ధమయ్యాం. వారానికి నాలుగు రోజులు కేబీఆర్ పార్కులో నడక, ఆదివారం గోల్కొండ కోటలో బాలా హిస్సార్ దాకా మెట్లు. సంచిలో మొదట మూడు, తర్వాత ఎనిమిది లీటర్ల నీళ్లు మోసేవాళ్లం. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడకుండా పైనే పారబోసేవాళ్లం. ఆ కష్టం ఊరికే పోలేదు. నడక మొదలయ్యే గౌరీకుండ్ నుంచి ఆలయం దాకా 16 కిలోమీటర్ల దారిలో పిక్కలు ఎక్కడా మొరాయించలేదు. అయితే కాళ్ల బలం వేరు, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటం వేరు.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటే, కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులకు పడిపోవడం వల్ల ఒక్కో శ్వాసతో ఒంటికి అందేది తగ్గిపోతుంది. ఈ లోటుకు శరీరం సర్దుకోవాలంటే ఎత్తైన చోట కొన్ని రోజులు గడపాల్సిందే, గోల్కొండ ఎన్నిసార్లు ఎక్కినా ఆ మార్పు రాదు. పైగా బాగా సాధన చేసినవారు కాళ్లు సహకరిస్తున్నాయి కదా అని వేగంగా ఎక్కేస్తారు, అది మరీ ప్రమాదం.

మాకు జరిగింది ఇదే. మమ్మల్ని తీసుకెళ్లిన ట్రావెల్స్ వారు హరిద్వార్ నుంచి ఒక్క రోజులో గుప్తకాశీ చేర్చి, మర్నాడు పొద్దున్నే కొండ ఎక్కించారు. దారిలో లించోలి అనే మజిలీ దాటాక మా బావమరిది ఒక రాయి మీద కూర్చొని, ఊడిపోయిన షూ లేసు కొసలు రెండూ చేత పట్టుకొని, ముడి ఎలా వేయాలో తోచనట్టు చూస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం నుంచి తలనొప్పిగా ఉందని, నేను కంగారు పడతానని చెప్పలేదని అప్పుడు అన్నాడు. వెంటనే డోలీ మాట్లాడి కిందికి దించాం. రాత్రికి గౌరీకుండ్‌లో టీ తాగి మామూలుగా మాట్లాడాడు. దర్శనం కాలేదని ఆయన ఇప్పటికీ బాధపడతాడు, నాకు మాత్రం మనిషి దక్కాడు, అంతే చాలు.

2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణకు భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ అక్కడితో ఆగలేదు, డార్జిలింగ్, లద్దాఖ్ కొండల్లోనూ సాగింది. మనవంటి యాత్రికులకు అంత అక్కర్లేదు. గౌరీకుండ్‌లో ఒక రాత్రి, దారిలో ఇంకో రాత్రి ఆగి ఎక్కితే చాలా తేడా ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే అసిటజోలమైడ్ మాత్రలు వైద్యుణ్ని అడగకుండా, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు, వేసుకోకూడదు. తలనొప్పి, వికారం ఉంటే దాచకూడదు, తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. అడుగు తడబడినా, మాట తేడాగా వచ్చినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఆ క్షణమే దిగిపోవాలి.

యాత్రలు నడిపేవారు తమ కరపత్రాల్లో హోటల్, భోజనం వివరాలతో పాటు ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోవాల్సి ఉంటుందో కూడా ముద్రించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్