మదర్‌బోర్డు కొనేముందు చిప్‌సెట్ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తక్కువ ఖర్చులో కంప్యూటర్ కూర్చుకోవడానికి వచ్చే విద్యార్థులు ప్రాసెసర్ ఎంపికపై చూపే శ్రద్ధలో సగమైనా, భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డుపై చూపకపోవడం, అమ్మేవారూ విడమరచి చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. ప్రాసెసర్ వేగాన్ని కొద్దిగా పెంచుకునే (ఓవర్‌క్లాకింగ్) వీలుందో లేదో తేల్చడంలో, ప్రాసెసర్‌ను ఇతర భాగాలతో అనుసంధానించే చిప్‌సెట్‌ది ప్రధాన పాత్ర. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో అధికభాగం ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతించినా, ఏ520, ఏ620 చిప్‌సెట్లు ఆ సదుపాయం ఇవ్వవు; బి450, బి550, బి650 ఇస్తాయి. ఇంటెల్‌లోనైతే సాధారణంగా పేరులో 'కే' అక్షరమున్న ప్రాసెసర్‌తోపాటు జడ్ శ్రేణి బోర్డూ కావాలి గనుక ఖర్చు పెరుగుతుంది. ఇంటెల్‌కే చెందిన బి660, బి760 బోర్డులు ప్రధానంగా మెమరీ వేగం పెంచుకోవడానికే పనికొస్తాయి. అందువల్ల పరిమిత బడ్జెట్‌కు ఏఎండీ బి శ్రేణి బోర్డే తగినదని నా అభిప్రాయం.

చిప్‌సెట్ ఒకటే అయినంత మాత్రాన బోర్డులన్నీ సమానం కావు. ప్రాసెసర్‌కు తగిన వోల్టేజీలో విద్యుత్తును అందించే వీఆర్‌ఎం భాగం ఓవర్‌క్లాకింగ్‌లో మరింత వేడెక్కుతుంది; దానిపై వేడిని లాగే లోహపు హీట్‌సింక్ లేని చౌక బోర్డు, ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన నగరంలో, ఏసీ లేని గదిలో, ఆ వేడికి తాళలేక ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తే పెట్టిన డబ్బు వృథాయే. రంగురంగుల దీపాలకయ్యే ఖర్చును మంచి హీట్‌సింకున్న బోర్డుకు, కూలర్‌కు మళ్లించడం మేలు.

ఓవర్‌క్లాకింగ్‌తో ప్రాసెసర్ దెబ్బతింటే ఏఎండీ వారంటీ వర్తించదన్న సంగతిని దుకాణదారులు బిల్లు రాయకముందే చెప్పాలని, చిప్‌సెట్ల వివరాలను మీ పత్రిక పట్టికగా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్