ఉండిపోవాలన్నా తిరిగొచ్చే దారి ఉండాలి

ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ గారికి,

నమస్కారం.

నాకు తెలిసిన ఒక గే యువకుడు ఇంట్లోంచి బయటికి వెళ్లే ముందు కాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. రాత్రి జరిగిన చాట్ మొత్తం డిలీట్ చేస్తాడు. తర్వాత ఫొటోలు. డిలీట్ చేసిన ఫొటోలు చేరే ఫోల్డర్‌ను కూడా వెతికి ఖాళీ చేస్తాడు. దారిలో పోలీసులు ఫోన్ అడిగితే ఇవ్వక తప్పదు కాబట్టి రోజూ ఇదే పని. అతనిది ఏ దేశమో చెప్పను. చెబితే అతను పడే ఈ జాగ్రత్తంతా దండగ.

ఉండాలా, వెళ్లిపోవాలా అని ఏడాదిగా నలిగిపోతున్నాడు. నన్నూ అడిగాడు. భద్రంగా ఉన్న చోట కూర్చుని 'ధైర్యంగా నిలబడు' అనడానికి నాకు నోరు రాలేదు.

నిలబడినవాళ్ల వల్లే చట్టాలు మారాయన్నది నిజమే. 1976లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పోలీసులు జెఫ్రీ డడ్జన్ అనే గే కార్యకర్త ఇల్లు సోదా చేసి డైరీలు, ఉత్తరాలు పట్టుకుపోయారు. (ఇప్పుడైతే ఫోనే పట్టుకుపోయేవాళ్లు.) మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమన్న అక్కడి చట్టం మీద ఆయన యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 1981లో గెలిచారు. మా దేశంలో స్వలింగ సంబంధాలను నేరమన్న 377వ సెక్షన్ మీద 2001లో వేసిన కేసు 2009లో హైకోర్టులో గెలిచి, 2013లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. మళ్లీ మొదలుపెట్టి 2018 సెప్టెంబర్ 6న నెగ్గే సరికి 17 ఏళ్లు గడిచాయి.

అయితే వాళ్లకు వెళ్లి తలుపు తట్టడానికి ఒక కోర్టు ఉంది. 2023 నవంబర్ 30న రష్యాలో సుప్రీంకోర్టే 'అంతర్జాతీయ ఎల్‌జీబీటీ ఉద్యమం' తీవ్రవాదమని తీర్పు ఇచ్చింది. ఆఫీసు, సభ్యత్వం, అధ్యక్షుడు ఏదీ లేని ఉద్యమం అది. ఎవరినైనా అందులో కలిపేయొచ్చు. కోర్టులో గెలిచినా ప్రాణానికి భరోసా లేదు. ఉగాండాలో గేల పేర్లు, ఫొటోలు అచ్చువేసిన పత్రిక మీద డేవిడ్ కాటో, మరికొందరు కేసు వేసి గెలిచారు. కొద్ది వారాలకే, 2011 జనవరి 26న, ఆయన్ని ఇంట్లోనే చంపేశారు. 2023లో అదే దేశం కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా వేసే చట్టం తెచ్చింది.

ఇక మీతో నా గొడవకు వస్తాను. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం సొంత దేశం దాటినవాళ్లే శరణార్థులు. దాటేదాకా మా వాడు మీ లెక్కలోకే రాడు. దాటాక అధికారి ఎదురుగా కూర్చుని తాను గే అని నమ్మించాలి. పరీక్షలు పెట్టడం, అంతరంగిక వీడియోలు తీసుకోవడం కుదరదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014లోనే చెప్పింది, మంచిదే. కానీ మా వాడు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు: "బతకడానికి రోజూ అన్నీ చెరిపేస్తున్నాను కదన్నా, రేపు అక్కడ ఏం చూపించమంటావ్?"

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. శరణార్థి హోదా వచ్చాక సొంత దేశం వెళితే, ఆ దేశం రక్షణను మళ్లీ కోరుకున్నట్టు లెక్కగట్టి హోదా తీసేయవచ్చు. అంటే వెళ్లడమంటే దాదాపు తెగతెంపులే. జబ్బు చేసిన అమ్మానాన్నలను చూడ్డానికి వెళ్లడాన్ని వేరుగా చూడాలని మీ హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. ఆ వాక్యం పక్కన ఇంకొకటి చేర్చండి: తోటివాళ్ల కేసులో సాక్ష్యం చెప్పడానికి వెళ్లి రావడాన్ని కూడా అలాగే చూడాలని. దేశం లోపలే ఉండి పనిచేసేవాళ్లకు ముందుగానే వీసా ఇచ్చి, ప్రమాదం ముంచుకొచ్చిన రోజున వాడుకునే వీలు కల్పించమని ప్రభుత్వాలను అడగండి. వీసాలు మీ చేతిలో లేవని తెలుసు. మీరు అడిగితే వినే ప్రభుత్వాలు కొన్నైనా ఉంటాయి.

తప్పించుకునే దారి ఉందని తెలిస్తే మా వాడు ఇంకో రెండేళ్లయినా అక్కడే ఉంటాడు. ఈ మాట నేనంటున్నది కాదు, అతనే చెప్పాడు. ప్రస్తుతానికి మాత్రం అరెస్టయిన ఒక స్నేహితురాలి కేసు వాయిదా వచ్చే నెలలో ఉందని ఆగాడు. సాక్షుల్లో ఇతనొక్కడే ఇంకా ఊళ్లో ఉన్నాడు. మీ జవాబు ఆ వాయిదాలోగా వస్తే అతనికి చదివి వినిపిస్తాను. చాట్‌లో పంపితే దాన్నీ చెరిపేయాల్సి వస్తుంది.

ఇట్లు,
అతని స్నేహితుడు