చైనా ఫైటర్ అంటే కాపీ అని రాసేసి ఊరుకుంటే ఎట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మన పేపర్లో చైనా స్టెల్త్ ఫైటర్ల (రాడార్‌కి తేలిగ్గా దొరకని యుద్ధవిమానాల) మీద వచ్చిన ఐటమ్ చదివాను. జె-35 ఫొటో, దాని పక్కనే అమెరికా ఎఫ్-35 ఫొటో, మక్కీకి మక్కీ దించేశారని హెడ్డింగు, లోపల నాలుగు పేరాల నిండా దొంగతనం గొడవే. దొంగతనం జరగలేదని నేననట్లేదు. సు బిన్ అనే చైనా వ్యాపారి అమెరికా మిలిటరీ విమానాలు ఎఫ్-22, ఎఫ్-35, సీ-17ల ఫైళ్ళు కొట్టేసిన హ్యాకర్లతో కలిసి పనిచేశానని 2016లో అమెరికా కోర్టులోనే ఒప్పుకున్నాడు, 46 నెలల జైలు కూడా పడింది. కానీ డ్రాయింగ్ చేతికొస్తే విమానం వచ్చేస్తుందా అండి?

నాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు, రెండు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మెటల్ కోత మిషన్లు), ఒక లేతు. ఒకసారి ఆశపడి టైటానియం (విమానాల్లో వాడే తేలికైన, గట్టి లోహం) జాబ్ వర్క్ ఒప్పుకున్నా, డ్రాయింగ్ పక్కాగా ఉంది, త్రీడీ మోడల్‌తో సహా ఇచ్చారు, ఐనా మొదటి మూడు ముక్కలూ రిజెక్టే. టైటానియం వేడిని త్వరగా లాక్కోదు, అదంతా టూల్ మొన దగ్గరే ఉండిపోతుంది, గంట తిరక్కుండానే ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) అంచు పోద్ది, గోడ పల్చబడే కొద్దీ ముక్క టూల్‌కి దొరక్కుండా స్ప్రింగులా వంగుతుంది, ఇంక సైజెక్కడ వస్తుంది? తుక్కు అంటుకుందంటే నీళ్ళు పోయకూడదు, అందుకే మా కుర్రాడు పొడి ఇసక బకెట్ పెట్టుకుని మిషన్ పక్కనే నిలబడేవాడు. కిలోన్నర దిమ్మలో చివరికి మిగిలింది రెండొందల గ్రాములు. అరచేతిలో పట్టే ముక్కకే ఇంత కథ ఉంటే, ఫైటర్ నడుం దగ్గర రెక్కల బరువు మోసే అడ్డు చట్రం, అదే బల్క్‌హెడ్, మనిషి కంటే పెద్దది, దాని సంగతేంటో మీరే ఊహించుకోండి.

చైనావాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుంది ఇక్కడే. స్టెల్త్ అనగానే మనకి రాడార్‌ని మింగేసే పెయింటే గుర్తొస్తుంది గానీ, మిసైళ్ళు రెక్కల కింద వేలాడదీయకుండా కడుపులో దాచాలి, దానికి లోపల పెద్ద ఖాళీ, ఆ ఖాళీకి తలుపులు, చుట్టూ బలం కోసం మళ్ళీ మెటల్, ఇట్లా బరువు పెరుగుతూనే ఉంటుంది. పైగా వాళ్ళకి ఇంజన్లు మొదట్నుంచీ తలనొప్పే, ఎన్నో ఏళ్ళు రష్యా మీదే ఆధారపడ్డారు. ఇంజన్‌లో దమ్ము చాలనప్పుడు ఒళ్ళన్నా తగ్గించుకోవాలి కదా.

అందుకని తేలికైన టైటానియంతోనే పెద్ద భాగాలు చెయ్యడానికి చైనాలోని దెయాంగ్‌లో 80 వేల టన్నుల ఫోర్జింగ్ ప్రెస్ (కాల్చిన లోహాన్ని అదిమి ఆకారం తెచ్చే మిషన్) కట్టారు, అంతకుముందు రికార్డు సోవియట్ వాళ్ళ 75 వేల టన్నులది. ఇంకోపక్క బీజింగ్ బైహాంగ్ యూనివర్సిటీలో వాంగ్ హువామింగ్ అనే ప్రొఫెసర్ టైటానియం పొడిని లేజర్‌తో కరిగించి పొర మీద పొర వేసి పెద్ద పెద్ద భాగాలు కట్టే పని పట్టుకున్నాడు. మన పూతరేకుల్లాగే అనుకోండి, కాకపోతే ఇక్కడ పొరలు విడిపోతే విమానం కూలుతుంది! ప్రతి పొరా కరగడం చల్లారడంలో ముక్క వంకరపోద్ది, పగుళ్ళిస్తుంది, ఆ జబ్బు కుదిర్చినందుకే 2012కి గాను వాళ్ళ టీమ్‌కి దేశంలో టెక్నాలజీకిచ్చే మొదటి బహుమతి వచ్చింది. 2013 మార్చిలో ఫైటర్ల డిజైనర్ సున్ త్సోంగ్, చైనా నేవీ ఫైటర్ జె-15 ముందు చక్రం గేర్‌తో సహా బరువు మోసే భాగాలకి ఈ త్రీడీ ప్రింటింగే వాడామని చెప్పాడు. జె-15 స్టెల్త్ కాదు నిజమే, కానీ అదే సున్ త్సోంగ్ చేసిన జె-31 2012 అక్టోబర్ 31న లేచింది, దాని నుంచే ఈ జె-35 వచ్చింది, అందులో జె-35ఏ అనే రకాన్ని 2024 నవంబర్‌లో జుహాయ్ ఎయిర్ షోలో అందరికీ చూపించారు. మధ్యలో పన్నెండేళ్ళు. ఉత్త దొంగ ఫైళ్ళతో పనయ్యేదైతే ఇన్నేళ్ళెందుకు?

అలాగని మనల్ని మనం తిట్టుకోమనీ కాదు, మన తేజస్ ఫైటర్ బరువులో 45 శాతం కాంపోజిట్లే (కార్బన్ ఫైబర్ లాంటి తేలికైన పదార్థాలు). మన శ్రీకాకుళం, భీమిలి తీరం ఇసకలో టైటానియం ఖనిజం ఉంది, దాన్నుంచి స్పాంజ్ (టైటానియం ముడి లోహం) తీసే పద్ధతిని మన దేశంలో అభివృద్ధి చేసింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ శాఖ లోహాల ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, ఆ పద్ధతితో ప్లాంట్ మాత్రం కేరళ చవరలో ఉంది, అదీ ఏడాదికి 500 టన్నులది. ఈ సంగతి మా ఏరియాలో రోజూ మెటల్ కోసే వాళ్ళకే చాలామందికి తెలీదు.

కాబట్టి ఈసారి ఆమ్కా (మన దేశం తయారుచేస్తున్న స్టెల్త్ ఫైటర్) మీద రాసేటప్పుడు 15 వేల కోట్లు అని అంకె వేసి వదిలెయ్యకండి, ఒక రిపోర్టర్‌ని కంచన్‌బాగ్ పంపించి, మన దేశంలో ఎంత పెద్ద టైటానియం ఫోర్జింగ్ కొట్టగలం, పెద్ద భాగాలు ప్రింట్ చెయ్యడంలో ఎంతదాకా వచ్చాం అని అడిగించండి. వచ్చేటప్పుడు దార్లోనే మా షాపు, ఆ మూడు రిజెక్ట్ ముక్కలు ఇంకా షెల్ఫ్ మీదే ఉన్నాయి, చూపిస్తాను.

ఇట్లు
ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్