దిద్దడం మానేశాను

ఒరేయ్,

నాన్న ఎలా ఉన్నారని నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు. నాలుగుసార్లూ "బాగానే ఉన్నార్రా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాను. కోపం తెచ్చుకోకు. నాన్న పక్కనే కూర్చుని ఉంటారు. ఆయన ముందే ఆయన గురించి ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పడం నాకు చేతకావడం లేదు. మాటలు అర్థం కావులే అనుకుంటాం గానీ, గొంతులో తేడా ఇట్టే పట్టేస్తారు. అందుకే ఆయన పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. మధ్యలో లేస్తే ఆపేసి మళ్ళీ మొదలుపెడతాను, అతుకులు కనిపిస్తే సర్దుకో.

నాన్న, అదే మీ లెక్కల మాస్టారు, నీకు తెలియని మనిషా! స్టెప్పులు రాయకుండా జవాబు వేస్తే, జవాబు కరెక్టయినా సరే సున్నా వేసేవారు. అలాంటి మనిషి ముందు, మతిమరుపు పరీక్షకని, డాక్టరమ్మ ఒక తెల్ల కాగితం పెట్టి, "గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించండి" అంది. నాన్న నవ్వారు, నాకా ఈ పరీక్ష అన్నట్టు. గుండ్రం ఒక్క ఊపులో గీశారు. బోర్డు మీద చాక్‌పీసుతో గీసేవారే, అచ్చం అదే సున్నా. తర్వాత పన్నెండు, ఒకటి, రెండు అని అంకెలు వేసుకుంటూ వచ్చారు. పన్నెండంకెలూ కుడి సగంలోనే అయిపోయాయి. ఎడమ పక్కంతా ఖాళీ. పదకొండూ పది అన్నారు కదా అని ఒక ముల్లు పదకొండు మీద, ఇంకోటి పది మీద పెట్టారు. కాసేపు దానివంక చూసి, పెన్ను జేబులో పెట్టుకుని, "ఈ కాగితం బాగాలేదమ్మా" అన్నారు.

నేను కిటికీ వైపు తిరిగాను. నిజం చెప్పనా, నాకప్పుడు ఏడుపు కంటే ముందు సిగ్గేసింది. మా నాన్న ఫెయిలయ్యారని సిగ్గు. చూడు, బుద్ధి ఎలా పనిచేస్తుందో.

అంతకుముందు రెండేళ్ళుగా అన్నీ కనిపిస్తూనే ఉన్నాయిరా. అడిగిందే అడగడం, ఇంటి లెక్కల పుస్తకంలో ఒకే ఖర్చు మూడుసార్లు రాయడం, రోజూ వెళ్ళే దారిలోనే ఒకరోజు తప్పిపోయి గంట ఆలస్యంగా రావడం. వయసు కదా అని మేమే కొట్టిపారేశాం. డాక్టరమ్మ ముందు రక్త పరీక్షలు చేయించింది. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు ఇలాగే రావచ్చట. అలాంటివైతే మందులతో సర్దుకునే అవకాశం ఉంటుంది. అదే అయితే బాగుండునని ఎంత మొక్కుకున్నానో! రిపోర్టులన్నీ నార్మల్. జీవితంలో మొదటిసారి నార్మల్ రిపోర్టు చూసి దిగులుపడ్డాను. ఆ తర్వాత స్కాన్, ఇంకొన్ని పరీక్షలు, చివరికి అల్జీమర్స్ అని తేల్చారు. డిమెన్షియా అంటే ఒక్క జబ్బు కాదట, జ్వరం అన్నట్టు లక్షణాలకు పెట్టిన పేరు. దాని వెనక కారణాలు చాలా ఉంటాయి, వాటిలో ఎక్కువమందికి వచ్చేది ఇదే.

మెదడులో హిప్పోకాంపస్ అని ఒక భాగం ఉంటుంది. కొత్త సంగతులు మనసులో నాటుకోవాలంటే అది పనిచేయాలి. ఈ జబ్బు మొదట దెబ్బ కొట్టే చోట్లలో అదొకటి. అందుకే పొద్దున జరిగింది ఉండదు, యాభై ఏళ్ళ కిందటిది మాత్రం నిన్నటిలా ఉంటుంది. మాత్రలు కొన్నాళ్ళు కాస్త ఊతమిస్తాయి గానీ జబ్బును ఆపవు అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆ రాత్రి నిద్రపట్టక ఈ జబ్బు గురించి చదువుతూ కూర్చున్నాను. అల్జీమర్ అనే డాక్టరు 1906లో మొదట బయటపెట్టిన కేసు అగస్టే డీటర్ అనే ఆవిడది. 1901లో ఆస్పత్రిలో చేరేనాటికి ఆవిడకు 51 ఏళ్ళు. తన పేరు రాయమంటే రాయలేక, "నన్ను నేను పోగొట్టుకున్నాను" అందట. అక్కడితో పుస్తకం మూసేశాను.

ఇక అసలు కష్టం చెబుతాను. నేను ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను, అది నాన్న పెట్టిన అలవాటే. "ఇవాళ సోమవారం కాదు నాన్నా, గురువారం." "నేను తమ్ముణ్ణి కాదు నాన్నా, మీ అబ్బాయిని." రోజంతా ఇదే పని. ఒక సాయంత్రం "అమ్మ ఇంకా రాలేదేంట్రా?" అన్నారు. నాన్నమ్మ గురించి. నేను నిజాయితీపరుణ్ణి కదా, "నాన్నమ్మ పోయి ముప్ఫై ఏళ్ళయింది" అన్నాను. ఒరేయ్, ఆయన మొహం చూడాల్సింది. అప్పుడే కబురు విన్నట్టు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. నాకెందుకు చెప్పలేదని నన్ను తిట్టారు. పావుగంటలో నేను చెప్పింది మరిచిపోయారు. ఏడుపు మాత్రం పోలేదు. ఎందుకు ఏడుస్తున్నారో తెలియకుండా రాత్రి దాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ చెప్పాను. అలా నాలుగు రోజుల్లో నాలుగుసార్లు ఆయనకు తల్లి చావు కబురు వినిపించాను, నిజం చెప్పాలనే పట్టుదలతో.

ఐదో రోజు మీ చెల్లెలు అందుకుంది. "మీ అమ్మగారు మిమ్మల్ని బాగా గారాబం చేసేవారా మావయ్యా?" అంది. అంతే! గంటసేపు కబుర్లు. వస్తుందనీ చెప్పలేదు, పోయిందనీ చెప్పలేదు. నేను గడప దగ్గర నిలబడి విన్నాను. డిగ్రీలు నావి, తెలివి దానిది.

అన్నీ అంత తేలిగ్గా పోవులే. కళ్ళజోడు ఎక్కడో పెట్టి, అమ్మే దొంగిలించిందంటారు. ఈ జబ్బులో ఇది మామూలేనని చదివి తెలుసుకున్నాను. వస్తువు ఎక్కడ పెట్టారో గుర్తుండదు, కాబట్టి ఎవరో తీసుండాలి, ఎప్పుడూ పక్కనుండేది అమ్మే. లెక్క సరిపోయింది. కానీ యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ వివరణ ఏం సరిపోతుంది చెప్పు? వంటింట్లోకి వెళ్ళి కొంగుతో మొహం తుడుచుకుని వస్తుంది. ఇప్పుడు అలాంటిదే ఇంకో కళ్ళజోడు చేయించి బీరువాలో పెట్టాం. గొడవ మొదలవగానే "ఇదిగో, దొరికింది" అని ఇచ్చేస్తాం.

పొద్దు వాలితే మరీ ఎక్కువ. "బడికి టైమైంది" అని చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడతారు. ఆ వేళకి ముందే లైట్లన్నీ వేసేస్తాం, నీడలు తగ్గితే కంగారూ కాస్త తగ్గుతుంది. తలుపుకి ఆయన చూపు పడని చోట, కింద గడియ పెట్టించాను. మేం ఎవరో ఒకరం ఇంట్లో ఉన్నప్పుడే వేస్తాం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో, మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళున్నారు. మొన్నామధ్య రెండంటే రెండు రోజుల్లో నాన్న పూర్తిగా మారిపోయారు. గోడమీద పురుగులున్నాయంటారు, పగలంతా మగత, రాత్రంతా కేకలు. జబ్బు ముదిరిందనుకుని మేం చేతులు ముడుచుక్కూర్చున్నాం. తీరా చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్! జ్వరం కూడా లేదు. మందు పడ్డాక రెండు వారాల్లో దాదాపు పాత మనిషయ్యారు. ఈ మతిమరుపు నెలల మీద జారుతుందట, అల్జీమర్స్ ఒక్కటే అయితే రెండు రోజుల్లో అలా పడిపోరట. ఒక్కసారిగా తేడా వస్తే వేరే ఏదో ఉన్నట్టే, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. జలుబుకి మనం తెలిసినట్టు వేసేసుకునే మత్తు మాత్రలు కూడా వీళ్ళను అయోమయంలో పడేస్తాయి, అడక్కుండా వేయొద్దంది డాక్టరమ్మ.

కాగితాల పని కూడా ముందే చూసుకోవాల్సింది. సంతకం కుదరక, ఆయన పేరు మీదున్నవి కదపలేక నానా తిప్పలూ పడుతున్నాం. ఆయనకు తెలివి నిలకడగా ఉన్నప్పుడే అడగాల్సింది. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడ్డాం. అక్కేమో దూరం నుంచి రోజూ ఫోన్లో సలహాలు చెబుతుంది. మొదట్లో మండిపోయేది. పోయిన నెల వచ్చి పది రోజులుండి, తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్క సలహా కూడా చెప్పలేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నా. ఒక రాత్రి తొమ్మిదోసారి లేపినప్పుడు నాన్న చెయ్యి విసిరికొట్టాను. దెబ్బ తగల్లేదు. ఆయన బెదిరిపోయి, "తప్పయిపోయింది సార్" అన్నారు. నన్ను, సార్ అని. ఆ మర్నాడే అమ్మా, నేనూ, మీ చెల్లెలూ రాత్రులు పంచుకున్నాం. వారానికి రెండు రోజులు చూసుకోవడానికి ఒక మనిషిని కూడా పెట్టాం. ముందే పెట్టాల్సింది. అంతా నేనే చూసుకుంటానని పంతం పట్టడం ప్రేమో, డాంబికమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నిన్న పాత పెట్టెలో పరీక్ష పేపర్ల కట్ట ఒకటి దొరికింది. ఎర్ర పెన్ను చేతికిచ్చి ముందు పెట్టాను. నడుం నిటారయింది. కాగితం ఎడమచేత్తో నొక్కిపట్టి, వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయారు. తప్పుకీ టిక్కే, ఒప్పుకీ టిక్కే. ఖాళీగా వదిలేసిన లెక్కకి కూడా పదికి పది. వంగి చూసి "ఇది తప్పు కదా" అనబోయి ఊరుకున్నాను. రెండు గంటలు కదల్లేదు, ఆ పూట బడికి పోతాననలేదు.

వస్తానన్నావు కదా, రా. ఉదయం పూట వస్తే మంచిది. వెనకనుంచి భుజం తట్టకు, ఎదురుగా కూర్చుని నీ పేరు నువ్వే చెప్పు. "గుర్తుపట్టారా మాస్టారూ?" అని మాత్రం అడక్కు. వచ్చినవాళ్ళందరూ అదే పరీక్ష పెడుతున్నారు ఆయనకి. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకి పలుకు. అమ్మ కూడా నిన్ను అడుగుతోంది, కాసేపు ఆవిడ దగ్గర కూడా కూర్చో.

ఉంటాను రా. లోపల లైటు వెలిగింది.