కల్చర్‌లో ఏమీ రాకపోతే అలర్జీల గురించి కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం,

మీ ఆరోగ్యం పేజీలో యూరిన్ ఇన్ఫెక్షన్ల మీద వేసిన వ్యాసం చదివాను. నీళ్లు బాగా తాగమని, ఆపుకోవద్దని, యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో మానొద్దని రాశారు, అన్నీ అవసరమైన మాటలే. కానీ కల్చర్‌లో, అంటే మూత్రంలో క్రిములున్నాయేమో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఏ క్రిమీ పెరగకపోయినా పొత్తికడుపులో నొప్పి, మంట నెలల తరబడి తగ్గనివాళ్ల గురించి అందులో ఒక్క వాక్యం కూడా లేదు. అలాంటివాళ్లలో నేనూ ఉన్నాను. నాతో పనిచేసే టీచర్లలో, మా బంధువుల్లో కూడా ఉన్నారు, బయటికి చెప్పుకోరు అంతే.

ఈ బాధకి ఒక పేరుంది. ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటారు, ఈమధ్య బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా అంటున్నారు. మూత్రాశయం నిండేకొద్దీ నొప్పి, వెళ్లొచ్చాక కాసేపు తెరిపి, అరగంట తిరక్కుండానే మళ్లీ వెళ్లాలనిపించడం, రాత్రి పదే పదే లేవడంతో నిద్ర పాడవడం. ఇన్ఫెక్షన్ గానీ వేరే కారణం గానీ కనిపించకుండా ఇలా 6 వారాలు దాటితే ఈ జబ్బేమో చూడాలని అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ చెబుతోంది. ఇదేమీ నిన్నమొన్న పుట్టినది కాదు, బాల్టిమోర్‌లో పనిచేసిన గై హన్నర్ అనే డాక్టరు 1915లోనే ఆడవాళ్ల మూత్రాశయం గోడ మీద వచ్చే ఒకరకం పుండ్ల గురించి రాశాడు, వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. అయితే ఎక్కువమందికి ఆ పుండ్లు ఉండవు. కెమెరా పెట్టి చూసినా లోపల మామూలుగానే కనిపించవచ్చు, కాబట్టి ‘అంతా నార్మలే’ అని పంపించేస్తారు. ఇంట్లోవాళ్లేమో వేడి చేసిందిలే, బార్లీ నీళ్లు తాగు అంటారు.

ఇది అరుదైన జబ్బు అనుకోవడం కూడా సరికాదు. 2011లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద సర్వే ప్రకారం 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 2.7 నుంచి 6.5 శాతం మందికి ఈ లక్షణాలున్నాయి. వాళ్లలో చాలామందికి జబ్బు ఫలానా అని ఎవరూ తేల్చి చెప్పనే లేదు.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి అలర్జీ. 1997లో అమెరికాలోనే ఈ జబ్బున్నవాళ్లకి ఇంకేమేం జబ్బులున్నాయో ఆరా తీస్తే అన్నిటికంటే ఎక్కువగా తేలినవి అలర్జీలే, సుమారు 40 శాతం మందికి ఉన్నాయి. ఆ తర్వాతి స్థానం ఐబీఎస్‌ది, అంటే ఊరికే కడుపులో మెలిపెట్టి విరేచనాలో మలబద్ధకమో అయ్యే జబ్బుది. ఒకే మనిషికి ఇవన్నీ ఎందుకు కలిసొస్తున్నాయి? దీనికి డాక్టర్లు చూపించే కారణాల్లో ఒకటి మాస్ట్ సెల్స్ అనే కణాలు. ఇవి ముక్కులో, చర్మంలో, పేగుల్లో ఉన్నట్టే మూత్రాశయం గోడలో కూడా కాపలాకి ఉంటాయి. వాటి నిండా హిస్టమిన్ లాంటి రసాయనాలుంటాయి. ముక్కులో అవి బయటపడితే తుమ్ములు, చర్మంలో బయటపడితే దద్దుర్లు. మూత్రాశయం గోడలో, అదీ నరాల పక్కనే బయటపడితే ఆ నరాలు రెచ్చిపోతాయి, నొప్పి పుడుతుంది, వెళ్లాలనే తొందర పుడుతుంది. ఈ జబ్బున్న కొంతమంది మూత్రాశయం నుంచి ముక్క తీసి పరీక్షిస్తే, ముఖ్యంగా హన్నర్ పుండ్లున్నవాళ్లలో, ఈ కణాలు మామూలు కంటే ఎక్కువగా కనిపించాయి. పుప్పొడి, పడని తిండి మాత్రమే కాదు, టెన్షన్ కూడా వీటిని రెచ్చగొట్టగలదు. అందుకని నొప్పి టెన్షన్‌తో పెరిగింది కాబట్టి ‘అంతా నీ మనసులోనే ఉంది’ అనేవాళ్ల మాట తప్పు, నొప్పి శరీరంలోనే పుడుతోంది.

మాది గుంటూరు. నాకు చిన్నప్పటి నుంచి డస్ట్ అలర్జీ, మిర్చి సీజన్ మొదలైతే తుమ్ములు ఆగవు, రొయ్యలు పడవు, తింటే ఒళ్లంతా దద్దుర్లు. పొలాల గట్ల మీద, రైలు పట్టాల పక్కన పెరిగే వయ్యారిభామ పూతకొచ్చినప్పుడు కళ్లు దురదలు పెట్టి ముక్కు కారుతుంది, సరిగ్గా ఆ రోజుల్లోనే నా మూత్రాశయం నొప్పి కూడా ఎక్కువవుతుంది. ఈ సంగతి నేనే గమనించి చెప్పాలి తప్ప, నేను వెళ్లిన ఏ డాక్టరూ నీకు అలర్జీలున్నాయా అమ్మా అని అడగలేదు. ముక్కుకి ఒకరు, చర్మానికి ఒకరు, మూత్రానికి ఇంకొకరు, ముగ్గురి చీటీలూ నా ఫైల్లో ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కానీ ఒకరు రాసింది ఇంకొకరు తిరగేసి చూడరు. వెళ్లిన ప్రతిసారీ కల్చర్ రిపోర్టు రాకముందే ఇంకో యాంటీబయాటిక్. రిపోర్టులో ఏమీ లేదని తేలాక కూడా, ఎందుకైనా మంచిది కోర్సు పూర్తి చెయ్యండి అంటారు. లేని క్రిమికి మందు మింగుతూ పోతే నొప్పి తగ్గదు సరికదా, రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజు ఆ మందు పనిచెయ్యకుండా పోవచ్చు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

ఇన్ఫెక్షన్లకీ ఈ నొప్పికీ సంబంధమే లేదని మాత్రం నేను అనడం లేదు. 2024లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు వచ్చిన మూత్రాశయంలో నొప్పి తెలిపే నరాలు కొత్తగా మొలకెత్తి గుబురుగా పెరుగుతున్నాయట, పక్కన మాస్ట్ సెల్స్ కూడా చురుగ్గా ఉంటున్నాయట, అందుకే క్రిములు పూర్తిగా పోయాక కూడా నొప్పి, తొందర మిగిలిపోతున్నాయట. అంటే కల్చర్ క్లీన్‌గా ఉంది కాబట్టి నొప్పి అబద్ధం అనడానికి వీల్లేదు. దీనికి దగ్గరగా ఉండే ఇంకో పరిశోధన పేగుల మీద జరిగింది. 2021లో బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీవాళ్లు ఐబీఎస్ ఉన్న 12 మందికి పాలు, గోధుమ, సోయా లాంటి వాటి సారాన్ని పెద్దపేగు గోడలోకి ఇంజెక్ట్ చేస్తే అందరిలోనూ ఏదో ఒకదానికి అక్కడికక్కడే అలర్జీ లాంటి వాపు వచ్చింది, ఆరోగ్యంగా ఉన్న 8 మందిలో ఇద్దరికే వచ్చింది. ఒళ్లంతటికీ అలర్జీ లేకపోయినా ఒక్క అవయవానికే ఉండొచ్చని దీన్నిబట్టి అనుకోవాలి. మూత్రాశయంలోనూ ఇలాగే జరుగుతుందని తేలలేదు కానీ, వెతకాల్సిన చోటు ఇదేనని నాకు అనిపిస్తోంది.

అలర్జీ మందు వేసుకుంటే తగ్గిపోతుందా అని చదివేవాళ్లు వెంటనే అడుగుతారు. అంత తేలిక కాదు. హైడ్రాక్సిజిన్ అనే పాత అలర్జీ మందు మీద 2003లో వచ్చిన ట్రయల్‌లో, మందు వాడినవాళ్లలో 31 శాతం మందికి, వాడనివాళ్లలో 20 శాతం మందికి మెరుగైంది, ఆ తేడా మందు వల్లే వచ్చిందని గట్టిగా చెప్పడానికి సరిపోలేదు. కాకపోతే అలర్జీలున్నవాళ్లనే ఏరి చేసిన ట్రయల్ కాదది. 2022లో సవరించిన అమెరికన్ యూరాలజీ మార్గదర్శకాల్లో కూడా వాడి చూడదగ్గ మాత్రల్లో దాని పేరుంది. కాబట్టి అందరికీ పనిచేస్తుందనుకోకూడదు, ఎవరికీ పనిచెయ్యదని కొట్టిపారెయ్యకూడదు. అలర్జీలు బాగా ఉన్న మనిషైతే డాక్టరు ఆలోచించాలి, ఆలోచించాలంటే ముందు అడగాలి కదా.

తిండి సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది మన చేతిలో ఉంది. ఈ జబ్బున్నవాళ్లని 2007లో అడిగితే పది మందిలో తొమ్మిది మంది కొన్ని తింటే నొప్పి పెరుగుతోందని చెప్పారు. కాఫీ, టీ, కూల్ డ్రింకులు, మద్యం, నిమ్మ, నారింజ, టమాటా, కారం, విటమిన్ సి మాత్రలు వాళ్లు చెప్పినవాటిలో ముఖ్యమైనవి. ఇదంతా అసలైన అలర్జీ కాదు, చాలావరకు పడకపోవడమే, చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ టెస్టులో ఇది బయటపడదు. ఆ పట్టిక తెచ్చి తెలుగు ఇంట్లో పెడితే సరిపోదు కూడా, మన వంటలో పులుపంటే చింతపండు, గోంగూర, మామిడికాయ. చారు, పులుసు, పులిహోర, ఆవకాయ, వీటిలో ఏది ఎవరికి పడదో ఎవరు చెప్పాలి? నాకు చింతపండు పులుసు, ఖాళీ కడుపున కాఫీ అస్సలు పడవు, పెసరకట్టు, సొరకాయ కూర, పలుచటి మజ్జిగ ఏమీ చెయ్యవు, ఇంకొకరికి మజ్జిగే పడకపోవచ్చు. అనుమానం ఉన్నవాటిని కొన్ని వారాలు ఆపి, నొప్పి తగ్గితే ఒక్కొక్కటే తిరిగి మొదలుపెడుతూ, ఏ రోజు ఏం తిన్నారో, నొప్పి ఎలా ఉందో, తుమ్ములు, దద్దుర్లు ఉన్నాయో, నెలసరి దగ్గర్లో ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. డాక్టరు దగ్గర అయిదు నిమిషాల్లో మాటల్లో చెప్పలేనిది ఆ పుస్తకం చూపిస్తుంది. అన్నీ ఒకేసారి శాశ్వతంగా మానేసి నీరసం తెచ్చుకోవద్దు.

సర్, మీ పేజీలో ఒక్కసారి యూరాలజిస్టునీ అలర్జీ డాక్టరునీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడించండి. గైనకాలజీ ఓపీలో కూర్చునే డాక్టర్లు కూడా అది చదవాలి, మా ఆడవాళ్లు ముందుగా వెళ్లేది అక్కడికే.

ఈ ఉత్తరం చదివి ఎవరూ మెడికల్ షాపుకి వెళ్లి అలర్జీ మాత్రలు కొనుక్కోవద్దు. హైడ్రాక్సిజిన్ లాంటి పాత మందులు బాగా మత్తునిస్తాయి, కొందరిలో మూత్రం సరిగా దిగకుండా చేస్తాయి, పెద్ద వయసువాళ్లకి మరీ ప్రమాదం. ఇదే జబ్బుకిచ్చే పెంటోసాన్ అనే ఇంకో మందు ఏళ్ల తరబడి వాడితే కంటిలోని రెటీనా దెబ్బతినొచ్చని 2020లో అమెరికాలో దాని లేబుల్ మీద హెచ్చరిక చేర్చారు, వాడేవాళ్లు కళ్లు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. కల్చర్‌కి శాంపిల్ ఇచ్చేది యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, మొదలుపెట్టాక ఇస్తే ఉన్న క్రిమి కూడా కనిపించకపోవచ్చు. కల్చర్‌లో ఏమీ రాకుండా మూత్రంలో చీము కణాలు మాత్రం కనిపిస్తూ ఉంటే మన దేశంలో టీబీ పరీక్ష తప్పకుండా చేయించాలి. మూత్రంలో రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, నడుము పక్క నొప్పి పెట్టినా అలర్జీయేమో అని ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు